కండక్టర్ గారి సీసాలో 43 నాణేలు

రాజమండ్రిలో మాది వాచీలు బాగుచేసే కొట్టు. పగలంతా వాచీలు, సాయంత్రం ఏడు దాటాక నాణేలు. కంటికి ఐ గ్లాస్, చేతిలో ట్వీజర్, పక్కన 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా ఎలాగూ ఉంటాయి కాబట్టి, "ఇది మింట్‌లో తప్పు పడిన బిళ్ళేనేమో, కాస్త చూసి పెట్టు" అంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పద్నాలుగేళ్ల నుంచి ఇదే వరస. వచ్చినవాటిలో చాలావరకు నిమిషంలో తేలిపోతాయి. ఈ కేసుకు మాత్రం రెండు రోజులు పట్టింది. పైగా మొదటి రోజు నేనే తప్పు చెప్పాను.

వచ్చినాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. సర్వీసు మొత్తంలో టికెట్ల బ్యాగులో పడిన వింత చిల్లరను ఏరి ఒక హార్లిక్స్ సీసాలో దాచారు. "తీసిన ప్రతిదానికీ బదులు నా జేబులోంచి వేశానయ్యా, డిపో సొమ్ము పైసా ముట్టలేదు" అని ముందే చెప్పుకున్నారు, నేను అడగకుండానే. ఆయన అల్లుడు ఫోన్లో ఏదో వీడియో చూసి, మామగారి సీసాలో లక్షలున్నాయని తేల్చేశాడట. దాంతో ఇంట్లో అందరికీ టెన్షన్.

ఫోన్ చేసినప్పుడు రెండు మాటలు చెప్పాను. ఒకటి, చింతపండు పెట్టి తోమొద్దు. తోమితే నాణెం మీదున్న సాక్ష్యం సగం పోతుంది. రెండు, ఆ రకాలవే మామూలు నాణేలు నాలుగైదు పోలిక కోసం తెమ్మన్నాను. ఈ రెండో మాట తర్వాత ఎలా పనికొచ్చిందో చివర్లో చెప్తాను.

నేను చూసే పద్ధతి

నాణెం అందంగా ఉందా, వికారంగా ఉందా అన్నది నాకు అనవసరం. నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ తేడా ఏ మెషిన్ దగ్గర వచ్చింది?

స్టీలు రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కొడతారు. బిళ్ళ చుట్టూ గట్టు లేపుతారు. కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, కడిగి మెరుగు పెడతారు. చివరికి ప్రెస్సులో, కాలర్ అనే ఉక్కు ఉంగరం మధ్య బిళ్ళను కూర్చోబెట్టి, పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు పెట్టి నొక్కుతారు. చర్లపల్లిలోని మన హైదరాబాద్ టంకశాల అయినా, ముంబయి, కోల్‌కతా, నోయిడా అయినా వరస ఇదే. నిజమైన తప్పు ఈ వరసలోనే ఎక్కడో పడి ఉండాలి. బిళ్ళ తప్పా, అచ్చు తప్పా, దెబ్బ తప్పా? వేలు పెట్టి చూపించలేకపోతే నేను దాన్ని ఎర్రర్ అనను. ప్రెస్సు దాటి బయటికొచ్చాక ఏం జరిగినా అది దెబ్బతిన్న నాణెమే, ఎంత వింతగా ఉన్నా సరే.

సీసా బోర్లిస్తే 43 వచ్చాయి.

పన్నెండింటిని చూడగానే పక్కన పెట్టాను. వాటిలో తప్పేమీ లేదు, జనానికి అలవాటు లేని బొమ్మలు, అంతే. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ నాలుగు చుక్కలున్న 2 రూపాయల బిళ్ళలు మూడు ఉన్నాయి. అవి భిన్నత్వంలో ఏకత్వం అనే బొమ్మతో 2005 నుంచి వచ్చినవి. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే అయింది కానీ, అచ్చు వేసినవాడి పొరపాటు కాదది. సంవత్సరం కింద ఏ గుర్తూ లేదని దాచినవి నాలుగు. వజ్రం గుర్తు ముంబయిది, ఐదు కోణాల నక్షత్రం హైదరాబాద్‌ది, గుండ్రటి చుక్క నోయిడాది. కోల్‌కతాకు అసలు గుర్తే ఉండదు. కాబట్టి ఆ నాలుగూ కోల్‌కతావి. ఇంకొకటి 1985 రూపాయి, సంవత్సరం కింద ఇంగ్లిషు హెచ్ అక్షరం. ఆ ఏడాది మన నాణేలు కొన్ని విదేశాల్లో కొట్టించారు. ఆ హెచ్ బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింట్‌ది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలది ఒకటి. అది మందిర బోర్డు రజతోత్సవానికి వేసిన స్మారక నాణెం. మిగిలిన మూడూ 10 రూపాయల బిళ్ళలు. ఒకదాని మీద రూపాయి గుర్తు ఉంది, ఒకదాని మీద లేదు, ఒకదానికి గీతలు ఎక్కువున్నాయి. "ఈ పది రూపాయల బిళ్ళ చెల్లదని ఎంతమంది నా మొహాన కొట్టారో" అన్నారు బాబాయ్ గారు. 14 రకాల బొమ్మలతో పది రూపాయల నాణేలున్నాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే ప్రకటించింది. మా వీధిలో కిరాణా కొట్టుకు ఆ కబురు ఇంకా చేరలేదు.

పదకొండు నల్లబడినవి. మూడింటికి పసుపు, కుంకుమ గట్టిపడి అక్షరాలు పూడిపోయాయి. ఎనిమిది గోదావరి నీళ్లు తాగినవి. బ్రిడ్జి మీద రైలు కిటికీలోంచి దణ్ణం పెట్టి విసిరిన చిల్లరను రేవుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి లాగుతుంటారు. ఈ ఎనిమిదీ స్టీలువే. రాగి-నికెల్‌తో చేసిన లావు ఐదు రూపాయలను అయస్కాంతం పట్టదు, అవి ఇంకా ఇసకలోనే ఉండి ఉంటాయి.

నాలుగు రాగి రంగువి. రూపాయి స్టీలుకు ఎవరో పూత పెట్టారు. బరువు చూస్తే మామూలే, అయస్కాంతానికి అతుక్కుంటుంది, అరిగిన చోట కింద తెల్లగా కనిపిస్తోంది. గీకి చూడాల్సిన పనే లేకపోయింది.

ఐదు చపాతీల్లా సాగినవి. పట్టాల మీద పెట్టి రైలెక్కించినవి అని మా ఊళ్లో పుట్టినవాడెవడికైనా తెలుస్తుంది, చిన్నప్పుడు నేనూ చేశాను. కానీ కాలర్ సరిగ్గా లేవకుండా దెబ్బ పడితే కూడా నాణెం ఇలాగే వెడల్పవుతుంది. అది నిజమైన ఎర్రర్. తేడా అక్షరాల్లో ఉంటుంది. కాలర్ లేని నాణెంలో అక్షరాలు అచ్చులో ఉన్నంత సైజులోనే ఉంటాయి, వాటి బయట బోడి లోహం పరుచుకుంటుంది. రైలు తొక్కినదాంట్లో అక్షరాలు కూడా లోహంతో పాటే సాగి పలచబడతాయి. ఈ ఐదింటిలో అశోక సింహాలు ఒంటెల్లా సాగి ఉన్నాయి.

ఏడు వంచినవి, బెజ్జం పెట్టినవి, కత్తిరించినవి. వాటిలో రెండింటిని చూసి కాస్త ఆగాను. ఒకటి మధ్య బిళ్ళ ఊడిపోయిన పది రూపాయల రింగు. మధ్య బిళ్ళ లేకుండానే ప్రెస్సు దెబ్బ పడితే, రింగు లోపలి అంచు లోహం ఖాళీలోకి ఒలికినట్టు వంకర తిరుగుతుంది. దీని లోపలి గోడ నున్నగా ఉంది, బిళ్ళ కూర్చున్న గాడి కూడా చెక్కు చెదరలేదు. అంటే నాణెం పూర్తిగా తయారయ్యాకే కొట్టి ఊడదీశారు. రెండోది ఎవరో కొరికినట్టున్న 50 పైసలు. రేకులో ముందు బిళ్ళ కొట్టిన కంత మీదికి తర్వాతి బిళ్ళ పోటు కాస్త ఎక్కితే ఇలా నెలవంక కొరుకు పడుతుంది. అలా పడితే సరిగ్గా దానికి ఎదురు వైపు గట్టు బలహీనంగా, అరిగిపోయినట్టు ఉండాలి, ఎందుకంటే గట్టు లేపే మెషిన్‌లో ఆ వైపున బిళ్ళకు ఆనుడు దొరకదు. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. నేను ఎదురు వైపు తిప్పి చూశాను. గట్టు నిండుగా ఉంది. ఇది కత్తెర పనే.

ఇంకొకటి ఇత్తడి రంగు ఐదు రూపాయలది. దాని మీద ఇంగ్లిషు అక్షరాలు జంటగా కనిపిస్తున్నాయి. అల్లుడికి దీని మీదే ఆశ ఎక్కువట. రెండో అక్షరం చదునుగా, మెట్టులా ఉంది, మొదటి అక్షరాన్ని కోసుకుని పుట్టినట్టు. దెబ్బ పడ్డాక అచ్చు సన్నగా అదిరితే ఇలా వస్తుంది. అచ్చులోనే అక్షరం రెండుసార్లు పడితే రెండూ గుండ్రంగా, నిండుగా లేచి, కొనల దగ్గర చీలిక కనిపిస్తుంది. ఇందులో ఆ చీలిక లేదు, కాబట్టి అల్లుడు ఆశపడ్డ అచ్చు తప్పు ఇది కాదు.

రెండు మాత్రం నిజమైనవే, చిన్నవి. రెండింటిలోనూ ఇంగ్లిషు ఇండియాలో చివరి ఎ లేదు. చుట్టూ నేల నున్నగా ఉంది, గీకిన జాడ లేదు, ఐ గ్లాస్‌లో వాలుగా లైటు వేస్తే ఎ అక్షరం నీడలా తెలుస్తోంది. అచ్చు గుంటలో గ్రీజూ లోహపు పొడీ కూరుకుపోతే లోహం అందులోకి వెళ్లలేదు. ఇవి తరచుగా దొరుకుతాయి. వందా రెండొందలకు కూడా ఎవరూ ఎగబడరని చెప్పేశాను.

ఒక్క రూపాయి

42 అయ్యాయి. మిగిలింది చూడటానికి మామూలు రూపాయే, కాకపోతే చిన్నది.

1992 నుంచి 2004 దాకా వచ్చిన రకం. ఒక వైపు సింహాలు, ఇంకో వైపు పెద్ద ఒకటి అంకె, రెండు పక్కలా కంకులు. ఇది 25 మిల్లీమీటర్లు ఉండాలి, 4.85 గ్రాములు తూగాలి. బాబాయ్ గారిది స్క్రూ గేజ్‌లో అటూ ఇటూగా 22 మిల్లీమీటర్లు. గట్టు లేదు. కంకుల బయటి అంచు తెగిపోయింది. కింద సంవత్సరం పై సగమే మిగిలింది. 199 దాకా చదవొచ్చు, ఆఖరి అంకె 8 అయినా కావచ్చు, 9 అయినా కావచ్చు, పై సగం రెండింటికీ ఒకటే. మింట్ గుర్తు పూర్తిగా పోయింది.

కాటా మీద పెట్టాను. 3.75.

నా గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. ఎందుకంటే ఆ రోజుల్లో పార్లమెంటు బొమ్మ ఉన్న 50 పైసలు కూడా ఇదే స్టీలు, 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. టంకశాలలో 50 పైసల బిళ్ళ ఒకటి పొరపాటున రూపాయి ప్రెస్సులో పడితే అచ్చం ఇలాంటిదే బయటికొస్తుంది. రూపాయి బొమ్మ, అర్ధరూపాయి ఒళ్ళు. నాలుగు వందో వంతుల తేడా ఏళ్ల తరబడి చేతులు మారిన అరుగుదల అనుకున్నాను. "బాబాయ్ గారూ, ఇది వేరే బిళ్ళ మీద పడిన రూపాయిలా ఉంది, అలాంటివి చాలా అరుదు" అనేశాను. అలా అనకుండా ఉండాల్సింది. ఆయన సీసా నా దగ్గరే వదిలి, ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లారు.

రాత్రి అన్నం తింటుంటే లెక్క గుర్తొచ్చింది. ఎవరైనా మామూలు రూపాయిని చుట్టూ అరగదీసి 22 మిల్లీమీటర్లు చేస్తే ఎంత తూగుతుంది? 22ని 25తో భాగిస్తే 0.88. దాని వర్గం 0.7744. దాన్ని 4.85తో గుణిస్తే 3.76. చెయ్యి కడుక్కుని ఇంకోసారి వేశాను. 3.76 గ్రాములే. రెండు నాణేలూ ఒకే స్టీలు, మందం కూడా దాదాపు ఒకటే, అందుకే అరగదీసిన రూపాయి దానంతటదే అర్ధరూపాయి బరువుకు దిగుతుంది. నా కాటా చెప్పింది నిజమే, కానీ ఆ నిజం రెండు కథలకూ సరిపోయింది. బరువు చూసి మురిసిపోవడం నా పొరపాటు. ఈ రకం రూపాయి మీద ఎవరైనా బరువు ఒక్కటే చూపించి ఎర్రర్ అంటే నమ్మొద్దు.

తెల్లారి కొట్టు తీసీ తీయగానే మళ్లీ పెట్టుకున్నాను.

వృత్తం ముందు కొలిచాను. ఒక దిక్కున 22.1, ఒక దిక్కున 21.7. సరిగ్గా గుండ్రంగా లేదు. ఇది కూడా ఏమీ తేల్చదు. 25 మిల్లీమీటర్ల కాలర్‌లో చిన్న బిళ్ళ పడితే పట్టుకునే గోడ ఉండదు, దెబ్బకు దాని ఇష్టమొచ్చినట్టు సాగుతుంది. బొమ్మ రెండు వైపులా సరిగ్గా మధ్యలో ఉంది. ఇది కొంచెం అనుమానం. కాలర్‌లో చుట్టూ ఖాళీ ఉన్నప్పుడు బిళ్ళ ఏదో ఒక పక్కకు జరిగి ఉండటమే ఎక్కువ. కానీ అదృష్టవశాత్తు మధ్యలో పడిందంటే కాదనలేం.

తర్వాత కంకి చివర చూశాను. చిన్న బిళ్ళ మీద దెబ్బ పడితే అంచు దగ్గర లోహం బయటికి జారిపోతుంది కాబట్టి, అక్కడి బొమ్మ నీరసంగా, వాలుగా దిగి అంచులో కలిసిపోవాలి. ఇక్కడ గింజ ఎత్తు ఎంతో అంతే ఎత్తులో, రొట్టె ముక్క కోసినట్టు నిట్టనిలువుగా తెగింది. తొమ్మిది అంకె పై సగమూ అంతే. అంచును లైటుకు ఎదురుగా తిప్పితే సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలులో. రోజూ ఆకురాయి పట్టేవాణ్ణి, ఆ గీతలు నాకు కొత్త కాదు.

ఇంకా అనుమానం ఏ మూలైనా ఉంటే పోగొట్టింది అరుగుదల. సింహాల ముఖాలు నున్నబడిపోయాయి, ఒకటి అంకె మీద మెరుపు పోయింది, బాగా తిరిగిన నాణెం. కానీ అంచు మూల వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉంది. పుట్టుకతోనే 22 మిల్లీమీటర్లయితే ముఖంతో పాటు ఆ మూల కూడా అరగాలి. ముఖం పదేళ్లు తిరిగింది, అంచు నిన్నటిది. అంటే ముందు నాణెంగా తిరిగి, తర్వాత ఆకురాయి కిందికి వెళ్లింది. దేనికో తెలీదు. ఏ లాకెట్‌లోకో, మోటారులో వాషర్‌గానో అయ్యుండొచ్చు.

చెప్పాల్సిన కబురు

పదకొండింటికి ఆయన అల్లుడితో సహా వచ్చారు. అల్లుడి మొహంలో వెలుగు చూసి నాకు నోరు పెగల్లేదు. రాత్రికి రాత్రే ఫొటో పెట్టేశాడట, కొంటానని ఒకడు ఫోన్ కూడా చేశాడట. రెండు లక్షలు ఇస్తాడట, కానీ ముందు రిజిస్ట్రేషన్‌కి మూడు వేలు పంపాలట.

"పంపావా?"

"ఇంకా లేదన్నా, సాయంత్రం పంపుదామని."

కొనేవాడు ఎదురు డబ్బు అడగడం ఎక్కడైనా ఉందా? పాత నాణేలు కొంటామంటూ ఫీజులు, పన్నులు అడిగే మోసగాళ్ల గురించి రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ ప్రకటన ఫోన్లో తీసి చూపించాను. తర్వాత నా తప్పు ఒప్పుకున్నాను. కాగితం మీద 0.88 లెక్క వేసి, ఐ గ్లాస్ ఇచ్చి కంకి తెగిన చోటు చూపించాను. అల్లుడు చూడలేదు. బాబాయ్ గారు చాలాసేపు చూశారు.

"నువ్వు నిన్న అనకపోతే బాగుండేదయ్యా" అన్నారు. నిజమే. ఇప్పుడు ఎవరేం తెచ్చినా ఆ రోజు నోరు విప్పను. రేపు రమ్మంటాను.

వాతావరణం తేలిక చేద్దామని, ఆయన పోలిక కోసం తెచ్చిన మామూలు నాణేలు ముందు పెట్టుకుని, వాళ్లే ఇంట్లో చూసుకోగలిగే పరీక్ష ఒకటి చూపిస్తానన్నాను. అవి వాళ్ల పూజగది డబ్బాలోవట. మన నాణేలకు బొమ్మా బొరుసూ ఒకే దిక్కుగా నిలబడి ఉంటాయి. సింహాలు నిటారుగా ఉండేలా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే వెనక అంకె కూడా నిటారుగానే రావాలి. అమెరికా నాణేలు అలా కాదు, వాటిని తిప్పితే వెనక బొమ్మ తలకిందులుగా వస్తుంది. రూపాయి తిప్పాను, నిటారుగా వచ్చింది. రెండు రూపాయలు తిప్పాను, వచ్చింది. రాగి-నికెల్ లావు ఐదు తీసి, "ఇదీ అంతే, చూడండి" అని తిప్పాను.

ఐదు అంకె తల కిందికి వేలాడుతూ వచ్చింది.

మళ్లీ తిప్పాను. అదే. సింహాల నెత్తి గడియారంలో 12 దగ్గరుంటే, ఐదు నెత్తి 5 దగ్గర. అంటే దాదాపు 150 డిగ్రీలు. పది, పదిహేను డిగ్రీల వాలు మామూలే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇది మాత్రం ప్రెస్సులో ఒక అచ్చు బిగింపు వదులై తిరిగిపోతే తప్ప రాదు. ఈసారి నోరు మూసుకుని పని చేశాను. కాటా 8.96 చూపించింది, ఉండాల్సింది 9. 23 మిల్లీమీటర్లు సరిగ్గా ఉంది. అయస్కాంతానికి కదల్లేదు. రెండు నాణేలను సగానికి కోసి అతికించారేమోనని అంచులోని గాడి వెంట ఐ గ్లాస్‌తో ఒక చుట్టు పూర్తిగా తిరిగాను, ఎక్కడా అతుకు లేదు. బల్ల మీద పడేస్తే ఖంగుమంది. అతుకు నాణెం అలా మోగదు.

"ఇదేం బాగానే ఉంది కదయ్యా" అన్నారు బాబాయ్ గారు, రెండు వైపులా చూసి. ఒక్కో వైపు చూస్తే బాగానే ఉంది మరి. బ్యాగులో ఇలాంటివి ఎన్ని చేతులు దాటించారో ఆయనకే తెలీదు.

ఇది నిజమైన ఎర్రర్ అని అప్పుడు కూడా అనలేదు. రేపు రమ్మన్నాను. మర్నాడు చూసినా అదే 150. అప్పుడు చెప్పాను. లక్షలు రావని, సేకరించేవాళ్లు మాత్రం ఇష్టంగా తీసుకుంటారని, అమ్మాలనుకుంటే ఎదురు డబ్బు అడగని మనిషికే అమ్మమని.

ఆయన ఐదును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుకున్నారు, పేజీ తిప్పినట్టు.

"బస్సులో ఇస్తే తీసుకుంటారుగా?"

"తీసుకుంటారు బాబాయ్ గారూ."

సీసా మా కొట్లోనే వదిలేసి, ఆ ఒక్కటి చొక్కా పై జేబులో వేసుకుని వెళ్లారు.